చప్పుడు లేని చేతులు

పొద్దున పందెంలో గోడ గెలిచింది. కిందటి వారం మనం కథ ఆపింది అక్కడే.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఎన్నో దేశాల నుంచి వికలాంగ క్రీడాకారులు వచ్చి పోటీపడుతున్నారు. చూపులేని ఆడపిల్లల ఈత పందెంలో మన బుడుంగు దిగింది. చిన్నప్పుడు నీళ్ళు కనిపిస్తే చాలు బుడుంగుమని దూకేసేదని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరది. రేచీకటితో మొదలై, బడి చదువు పూర్తయ్యేలోపే చూపు మొత్తం పోయింది కానీ పేరు మాత్రం పోలేదు. చూపులేనివాళ్ళు ఈదుతుంటే గోడ దగ్గరపడిందని తెలపడానికి పూల్‌కి ఆ చివరా ఈ చివరా ఒక్కో మనిషి నిలబడాలి. చేతిలో పొడవాటి కర్ర, కర్ర చివర మెత్తటి స్పాంజి బంతి. దాంతో తల మీద తట్టాలి. నోరు విప్పకూడదు. బుడుంగుకి ఒక చివర ఈత నేర్పే మాష్టారు, రెండో చివర తోడబుట్టిన అక్క. పొద్దున అక్క కర్ర తగల్లేదు. గోడ తగిలింది.

అయినా మొండిఘటం కదా, చితికిన వేళ్ళతోనే వెనక్కి తిరిగి ఈదుకొచ్చి ఫైనల్‌లో మిగిలిన ఆఖరి చోటు పట్టేసింది. ఆ ఫైనల్ ఇవాళ సాయంత్రమే.

వైద్యం గదిలో మందుల వాసనా తడి తువ్వాళ్ళ వాసనా కలిసిపోయి ఉన్నాయి. ఫిజియో బుడుంగు కుడిచేతి మధ్యవేలినీ ఉంగరపు వేలినీ జంటగా కలిపి పట్టీ చుడుతోంది. చుట్టు చుట్టుకీ బుడుంగుకి ప్రాణం జివ్వుమంటోంది.

"విరగలేదనే అనుకుంటున్నా. బీటైతే పడే ఉంటుంది," అంది ఫిజియో. "సాయంత్రం దిగొద్దని చెప్పడం నా ధర్మం. చెబితే వింటావా?"

"వినను."

"తెలిసే అడిగాలే."

మాష్టారు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయన చెప్పులు కోపం వస్తే ఒకలా, దిగులేస్తే ఒకలా చప్పుడు చేస్తాయి. ఇప్పుడు రెండూ కలిపి చేస్తున్నాయి.

"చేతులు తడిగా ఉన్నాయి మాష్టారూ. కర్ర జారింది," అంది అక్క, తలుపు దగ్గర నుంచి.

"పూల్ దగ్గర చేతులు తడిగా ఉండక పొడిగా ఉంటాయా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఇన్నేళ్ళు జారని కర్ర ఇవాళే జారిందా నీకు?"

అక్క తలుపు గడియని ఊరికే తీసి వేసింది.

"పోనీ ఇంకొకరిని పెడదామంటే ఎవరున్నారు? పూల్ అంచుదాకా వెళ్ళడానికి మెడలో కార్డున్నది మనిద్దరికీ, ఈ ఫిజియో గారికీ. ఆవిడ ఏనాడూ కర్ర పట్టిన పాపాన పోలేదు."

"ఆ పాపం నా నెత్తిన పెట్టకండి మాష్టారూ."

"అందుకే చివరలు మార్చుకుందాం. మలుపు దగ్గర నేనుంటాను. నువ్వు ముగింపు దగ్గర నిలబడు. అక్కడ మలుపంత చిక్కేమీ ఉండదు. వచ్చేదాన్ని చూసుకుని ఒక్క తట్టు తట్టడమే."

ఏ చివర నిలబెట్టినా గోడ గోడే కదా అనుకుంది బుడుంగు. పైగా ముగింపు దగ్గరికి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వస్తుంది తను. కానీ పైకి అనలేదు. అక్కని అప్పటికే ఆయన చాలా అనేశారు.

మాష్టారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి బుడుంగు వైపు తిరిగారు. గొంతు కాస్త మెత్తబడింది. "ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. నీ చేతులు నీళ్ళలోకి దిగుతుంటే ఇవాళ చప్పుడే లేదు. నీళ్ళని కొట్టకు, కోసుకుంటూ పో అని నేను ఇన్నాళ్ళూ మొత్తుకున్నది దానికే. సాయంత్రం అలాగే ఈదావంటే నిన్ను పట్టుకునేవాళ్ళు లేరు."

ఆ మాటకి అక్క ఊపిరి ఒకసారి ఆగి మళ్ళీ ఆడింది. బుడుంగు దాన్ని విన్నది. అప్పుడు దాని అర్థం తెలియలేదు.

చూపు పోయిన నాటి నుంచీ బుడుంగు పట్టుకుని నడిచింది అక్క మోచేతినే. మెట్టు వస్తే అది కాస్త పైకి లేస్తుంది. దారి ఇరుకైతే వెనక్కి మడుచుకుంటుంది. అక్క నోటితో అబద్ధాలు ఆడగలదు, అమ్మ దగ్గర బోలెడుసార్లు ఆడింది కూడా. మోచేతికి మాత్రం ఆ విద్య అబ్బలేదు.

ఎండలోంచి తమ వసతి భవనం లోపలికి అడుగుపెట్టగానే ఆ మోచెయ్యి ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, లోతు తెలియని నీళ్ళలోకి దిగుతున్నట్టుగా ముందుకు కదిలింది. నాలుగడుగులు వేశారో లేదో, ఎడమవైపు ఏదో బకెట్టు అక్క కాలికి తగిలి దబ్బున దొర్లింది. నీళ్ళు కాళ్ళ కిందికి వచ్చాయి.

"నడిచే దారిలో తెచ్చి పెట్టి చస్తారు," అని అక్క విసుక్కుంది.

బుడుంగు తడిసిన కాళ్ళతో అక్కడే నిలబడిపోయింది. వెలుతురులోంచి నీడలోకి రాగానే ఆగిపోవడం, కాలి పక్కనున్నది కనపడకపోవడం, పైగా పెట్టినవాళ్ళని తిట్టడం. ఇవన్నీ తనకి కొత్తవి కావు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న బిందెలన్నీ ఒక్కొక్కటిగా తన్నేసి, దారిలో ఎవరు పెట్టమన్నారని అమ్మ మీద ఎగిరింది తనే. అందరూ దాన్ని పొగరనుకున్నారు. పొగరు కాదని తేలేసరికి చూపులో సగం పోయింది.

ఇంకొకటి గుర్తొచ్చింది. అక్క స్కూలు వ్యాను నడుపుతుంది. ఈ ప్రయాణానికి ముందు ఆ వ్యాను ఎడమవైపు అద్దం విరిగింది. గేటు తగిలిందని చెప్పింది అక్క. పాపం, ఆ గేటే వచ్చి నీ మీద పడిందేమో అని ఇంటిల్లిపాదీ నవ్వారు. బుడుంగు కూడా నవ్వింది.

గదిలో రెండు మంచాలు, మధ్యలో చిన్న బల్ల. అక్క తన మంచం అంచున కూర్చుని, తల వంచుకుని భోజనం పెట్టె మూత తీస్తోంది. "తినేసి మాత్ర వేసుకో. కుడిచెయ్యి కదపకు," అంటోంది.

బుడుంగు తన మంచం మీద నుంచి లేచింది. నీళ్ళలోకి చెయ్యి దించినంత మెత్తగా అడుగులు వేసి, బల్లని చుట్టి వచ్చి, అక్కకి ఎడమపక్కన నిలబడింది. పట్టీ కట్టిన చేతిని అక్క చెంప పక్కకి తెచ్చి గాలిలో నిలిపింది. అక్క ఒంటి వేడి వేళ్ళకి తెలుస్తోంది. అంత దగ్గర.

అక్క పెట్టెలో చెంచా కోసం వెతుకుతూ మాట్లాడుతూనే ఉంది. "కదలకుండా అక్కడే కూర్చో. నేనొచ్చి తినిపిస్తాలే."

"అక్కా."

అక్క ఉలిక్కిపడింది. ఆ గొంతు అటువైపు నుంచి, అంత దగ్గర నుంచి వస్తుందని ఆమె అనుకోలేదు.

"నా చెయ్యెక్కడుందే?"

అక్క తల తిప్పింది. చెంప వచ్చి పట్టీకి తగిలింది.

చెంచా నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

"ఎప్పట్నుంచి?" అంది బుడుంగు.

"ఏంటి, ఎప్పట్నుంచి?"

"నా దగ్గర వద్దక్కా. ఈ దారిలో నీకంటే ముందు నడిచినదాన్ని."

అక్క భోజనం పెట్టె మూత మూసింది. గొంతు అరువు తెచ్చుకున్నట్టుంది. "ఏడాది దాటిందే. పక్కలు పోయాయి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. ఎడమవైపైతే బొత్తిగా లేదు."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"ఆయన చెప్పేదేంటో నాకు తెలియదా? నిన్ను తీసుకెళ్ళినప్పుడు పక్కన కూర్చుని విన్నది నేనే కదే. నువ్వు ఏడుస్తూ కూర్చున్నావు. ఇది ఇంటి జబ్బు, తోడబుట్టినవాళ్ళకీ రావచ్చు, మందు లేదు అన్నాడు. సగం అమ్మకి చెప్పి సగం నేనే మింగేశాను."

పోటీల ముందు బుడుంగు కళ్ళని ముగ్గురు డాక్టర్లు పరీక్ష చేశారు, నిజంగా కనపడదా లేక నటిస్తోందా అని. అది చాలదన్నట్టు, ఎవరికైనా రవ్వంత వెలుతురు తెలుస్తుందేమోనని అందరి ఈత కళ్ళద్దాలకీ నల్లరంగు పూయించారు. గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడేవాళ్ళ కళ్ళని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. వాళ్ళకి చూపుంటుందని అందరికీ అంత నమ్మకం.

"మరి ఇన్నాళ్ళూ నన్నెలా తట్టావు?"

"విని."

"ఏం విని?"

"నీ చేతుల్ని విని. నువ్వు నీళ్ళని బాదుతూ వచ్చేదానివి. మన పూల్‌లో ఆ లేన్‌లో నువ్వొక్కదానివే. చప్పుడు దగ్గరికొచ్చేది, ఇక్కడే అనుకున్న చోట కర్ర దించేదాన్ని. ఎప్పుడూ తప్పలేదు. ఆ తర్వాత మాష్టారు నీ చేతులు మార్చారు. చప్పుడు సన్నబడుతూ వచ్చింది. పొద్దున ఎనిమిది మంది ఒక్కసారే వస్తుంటే, నీళ్ళ మీద ఎండపడి ఒకటే తళతళ. అందరి చప్పుడూ విన్నానే. నీది తప్ప." అక్క ఆగింది. "నువ్వు గోడకి గుద్దుకున్నావు చూడు, అది విన్నాను."

బుడుంగు మంచం మీద కూలబడింది. తను ఎన్ని చేతులు వేసిందో లెక్కపెట్టుకుంటూనే వచ్చింది పొద్దున. కానీ కొత్త ఈతలో ఒక్కో చేతికి ఎక్కువ దూరం పోతోంది, పాత లెక్క పనికిరాలేదు. ఎంత బాగా ఈదితే అంత తొందరగా గోడ వచ్చేసింది, అంతగా అక్కకి దూరమైపోయింది తను. పుట్టాక ఇంత బాగా ఈదింది ఇవాళే. ఆ ఈతే తన వేళ్ళు చితక్కొట్టింది.

అప్పుడు అసలు ప్రశ్న గుర్తొచ్చింది.

"అక్కా, వ్యాను?"

అక్క దుప్పటి మడతలు సర్దసాగింది.

"ఇంకా నడుపుతున్నావా?"

"నెమ్మదిగానే నడుపుతాను. పిల్లలు దిగాక గేటు దగ్గర నిలబడి టాటా అని గట్టిగా అరవమంటాను. ఆటలా నేర్పాను. అందరి గొంతులూ గేటు వైపు నుంచి వినిపిస్తేనే బండి తీస్తాను."

"ఎవరైనా అరవకపోతే?"

అక్క ముక్కు ఎగబీల్చింది. "ఒకరోజు ఒక పిల్లకి గొంతు పట్టేసింది. నేను లెక్క తప్పాను. చక్రం పక్కన కూర్చుని చెప్పు సరిచేసుకుంటోందట. వెనక పిల్లలు కేకలు పెట్టారు, బ్రేకు వేశాను. చెప్పొక్కటే చక్రం కింద పడింది. చెప్పొక్కటే, ఒట్టు."

"అయినా మానలేదు."

"మానేసి? ఇంట్లో కూర్చుని గోడలు తడుముకోనా? ఆ స్టీరింగు ముందు కూర్చున్నంతసేపే నేను మనిషిననిపిస్తుందే."

"అంటే నేను మనిషిని కాదా?"

అక్క నుంచి ఒక వెక్కు వచ్చింది. "నోరు జారానే. నా ఉద్దేశం అది కాదు."

అదే ఉద్దేశం అని ఇద్దరికీ తెలుసు. చిన్నప్పటి నుంచి తన జడ వేసి, తన బట్టలకి ముందూ వెనకా చెప్పి, తనని పెళ్ళిళ్ళకీ బడికీ లాక్కెళ్ళిన ఈ మనిషి లోపల ఇంత భయం ఉందని బుడుంగుకి తెలియదు. అక్కకి చీకటంటే భయం కాదు. బుడుంగులా అయిపోతానని భయం. ఆ మాట వేళ్ళకంటే ఎక్కువ నొప్పెట్టింది.

"మాష్టారికి చెప్పేస్తాను," అంది.

"చెప్పు. తట్టేవాళ్ళు రెండు చివరలా లేకపోతే నిన్ను నీళ్ళలోకే దిగనివ్వరు. ఫైనల్ పోతుంది. ఇన్నేళ్ళ కష్టం." అక్క వచ్చి కింద కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టుకుంది. "ఈ ఒక్కసారికి పాత ఈత ఈదవే. నీళ్ళని బాదు. నేను వింటాను, సరిగ్గా తడతాను."

"అలా ఈదితే ఆఖర్న వస్తాను."

"గోడకి గుద్దుకోవడం కంటే నయం కదే."

కిటికీ అవతల ఎవరో పందెం గెలిచారు కాబోలు, చప్పట్లు వినిపించాయి. మనసులో ఆ చప్పట్లకి నీళ్ళొదిలేసుకుని, బుడుంగు ఎడమచెయ్యి చాచింది.

"తాళాలివ్వు."

"ఏ తాళాలు?"

"వ్యాన్‌వి. ఎక్కడికెళ్ళినా నీ సంచిలోనే ఉంటాయిగా. అవి నాకిచ్చెయ్. ఇంకెప్పుడూ అడగకు. నేను చప్పుడు చేస్తూ ఈదుతాను, ఆఖర్న వస్తాను, ఎవరికీ చెప్పను. నీ మీద ఒట్టు."

సంచి జిప్పు తెరుచుకుంది. తాళాలు గలగలలాడాయి. ఆ గలగల కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే సాగింది. తర్వాత ఒక చల్లటి గుత్తి వచ్చి అరచేతిలో పడింది. అక్క తన రెండు చేతులతో ఆ పిడికిలి మూసింది. బుడుంగు గుత్తిని అలాగే జాకెట్టు జేబులో వేసేసుకుంది. తడిమి చూసుకోలేదు. తోడబుట్టినది ఇచ్చినదాన్ని తడిమి చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

సాయంత్రం ఈతగాళ్ళని పిలిచే గదిలో ఎనిమిది మంది అమ్మాయిలూ వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒక ఉద్యోగి వచ్చి ఒక్కొక్కరి కళ్ళద్దాలూ తీసుకుని, నల్లరంగు ఎక్కడా రాలలేదని చూసి ఇస్తున్నాడు. పక్క కుర్చీ అమ్మాయి ఏదో భాషలో సణుగుతోంది. మొక్కుకుంటోందో తిట్టుకుంటోందో తెలియదు. మాష్టారు అప్పటికే మలుపు దగ్గరికి వెళ్ళిపోయారు.

బుడుంగు చెయ్యి ఊరికే జేబులోకి పోయింది. గుత్తిని వేళ్ళతో తిప్పసాగింది.

మొదట తగిలింది సన్నగా, గొట్టంలా ఉంది. ఇంట్లో బీరువాది. రెండోది పొడుగ్గా, అంచు అరిగిపోయింది. వీధి తలుపుది. మూడోది గోరంత చిన్నది. ప్రయాణం పెట్టెది. మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. వ్యాను తాళానికి లావుపాటి ప్లాస్టిక్ తల ఉంటుంది. ముందు సీట్లో కూర్చున్నప్పుడల్లా ఆ తాళం తిప్పి బండి స్టార్టు చేసే ముచ్చట తనదే. వేళ్ళు దాన్ని మర్చిపోవు. అది లేదు.

గలగల ఎందుకంతసేపు సాగిందో ఇప్పుడు అర్థమైంది. గుత్తిలోంచి ఒకదాన్ని తీసేస్తే గలగలలాడదా మరి. గుడ్డిదానికి ఏ తాళమైతేనేం అనుకుంది అక్క. ఇంకెవరు అనుకున్నా ఊరుకునేది బుడుంగు. వేళ్ళే కళ్ళైన చెల్లెల్ని, ఆ వేళ్ళకే ఎరేసి మోసం చేసింది.

చెబితే అక్క కాదంటుంది. కర్ర జారిందంటుంది. అమ్మ అక్కనే నమ్ముతుంది, ఎప్పుడూ అంతే. ఇంటికెళ్ళిన మర్నాడే ఆ పిల్లలు గేటు దగ్గర నిలబడి టాటా అని అరుస్తారు. ఏదో ఒక పొద్దున ఇంకో పిల్లకి గొంతు పట్టేస్తుంది. మాట చెబితే కాదనొచ్చు. ఇంతమంది చూస్తుండగా గోడ చెబితే కాదనలేరు. ఒకే రోజు రెండోసారి, కళ్ళెదుట వచ్చే చెల్లెల్ని తట్టలేకపోయిన మనిషికి ఎవరైనా బండి అప్పగిస్తారా?

ఇంకో సంగతి కూడా ఉంది, దాచడం దేనికి. బుడుంగుకి పతకం కావాలి. చప్పుడు లేని చేతులతో ఈదితే అది తనదే. పిల్లల మీద జాలి ఎంత, అక్క మీద కోపం ఎంత, పతకం మీద ఆశ ఎంత అని ఆ కుర్చీలో తూకం వెయ్యమంటే ఆమె వల్ల అయ్యేది కాదు.

పేర్లు పిలిచారు. అక్క వచ్చి మోచెయ్యి అందించింది. దీపాలన్నీ వేసినట్టున్నారు, పైనుంచి వేడి తగులుతోంది. జనం హోరు నీళ్ళ మీద పడి రెట్టింపై లేస్తోంది. ఈ హోరులో ఒకరి చేతుల్ని ఎవరైనా వినగలరా అనుకుంది బుడుంగు. గట్టు అంచుకి రాగానే అక్క ఆమె చెవిలో గొణిగింది.

"గట్టిగా బాదు. ప్రతి చెయ్యీ నాకు వినపడాలి."

బుడుంగు జాకెట్టు విప్పింది. జేబులోంచి గుత్తి తీసి, అక్క అరచేతిని వెతికి పట్టుకుని, అందులో పెట్టి, రెండు చేతులతో ఆ పిడికిలి మూసింది.

"బీరువా తాళంతో వ్యాను నడవదే అక్కా."

మోచెయ్యి కొయ్యబారిపోయింది. "ఒసేయ్, బుడుంగూ, నా మాట విను, నేను..."

ఈల మోగింది. ఇక మాట్లాడకూడదు. ఎక్కాల్సిన దిమ్మని పాదంతో వెతుక్కుని, బుడుంగు పైకెక్కి వంగింది. హోరంతా సద్దుమణిగింది. వెనకనుంచి తాళాల గుత్తి కిందపడ్డ చప్పుడు, ఆ తర్వాత కర్ర అందుకున్న చప్పుడు వినిపించాయి.

నీళ్ళు చల్లగా వచ్చి మీద పడ్డాయి. చితికిన వేళ్ళు నిప్పులా మండాయి. మొదటి దూరమంతా చేతులు కోసుకుంటూ పోయాయి. అటువైపు మాష్టారున్నారు, ఆయన కళ్ళకి చప్పుడుతో పనిలేదు. తల మీద మెత్తగా, సరిగ్గా పడాల్సిన చోట పడింది తట్టు. గిరుక్కున తిరిగి గోడని తన్నింది. తన కంటే ముందు ఒక్కరి కాళ్ళే నురగ రేపుతున్నాయి. కాసేపటికి ఆ నురగ కూడా వెనకబడింది.

ఇప్పుడు ముందు ఎవరూ లేరు. ఎదురుగా అక్క ఉంది. గట్టు మీద నిలబడి, కర్ర చాచి, మెడ ముందుకు పెట్టి వింటూ ఉంటుంది.

బాదితే చాలు. ఒక్క నాలుగుసార్లు నీళ్ళని బాదితే చాలు, అక్కకి తను దొరుకుతుంది.

కుడిచెయ్యి పైకి లేచింది. చప్పుడు లేకుండా దిగింది. ఎడమచెయ్యీ అంతే. బుడుంగు తల దించుకుని, ఒంట్లో మిగిలిన బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని, అక్క వైపు గోడ మీదికి వెళ్ళింది.